పెళ్లిచూపుల టైర్లు

చీమకుర్తి గ్రానైట్ లారీల మీద ముప్పయ్యేళ్లు నలిగిన మనిషి హయాత్. ఓనరు లక్ష్మీకాంత్‌కి లారీలు ఆరున్నాయి గానీ, మంచి టైర్లు ఒక్క సెట్టే ఉంది. ఏ బండికి ఫిట్‌నెస్ పరీక్ష వస్తే ఆ బండికి వాటిని బిగించి, ఇన్‌స్పెక్టరుకి చూపించి, తిరిగి రాగానే ఊడదీసి పాత అరిగిపోయిన టైర్లు ఎక్కించడం హయాత్ పని. పెళ్లిచూపులకి పక్కింటి నగలు ఎరువు తెచ్చుకున్నట్టన్నమాట. డ్రైవర్లు వాటిని పెళ్లిచూపుల టైర్లనే పిలిచేవాళ్లు. హయాత్ తీసుకెళ్తే బండి ఫెయిలవదని పేరు. ఆ పేరంటే అతనికి గర్వం కూడానూ. దిక్కుమాలిన గర్వం!

పత్తితీతల రోజుల్లో అష్రఫ్ నడిపే లారీకి పరీక్ష వచ్చింది. అష్రఫ్ హయాత్‌కి సొంత తమ్ముడు, స్టీరింగ్ పట్టడం నేర్పింది అన్నే. బండి పాసయి వచ్చాక హయాత్ టైర్లు విప్పుతుంటే అష్రఫ్ పక్కనే నిలబడ్డాడు.

"అన్నా, ముసురు పట్టింది. ముందు రెండన్నా ఉంచరాదా?"

"సోమవారం ఇంకో బండికి కావాలిరా. మెల్లిగా పోనీ," అని హయాత్ నట్లు విప్పేశాడు.

రెండ్రోజులు తిరక్కుండానే అద్దంకి రోడ్డులో ఆ నున్నటి టైర్లు తడి తారు మీద పట్టు తప్పాయి. రాయి లోడుతో లారీ జారిపోయి, పత్తితీతకి పోతున్న ఆటోని గుద్దింది. గురవమ్మ అనే కూలీ అక్కడికక్కడే చనిపోయింది. అష్రఫ్‌ని పోలీసులు తీసుకెళ్లారు.

ఆ మధ్యాహ్నమే లక్ష్మీకాంత్ ఫోన్ చేశాడు. "హయాత్, రేపు ఇన్‌స్పెక్టరు బండి చూడ్డానికొస్తాడు. ఈలోపు మంచి టైర్లు ఎక్కించెయ్. స్టేషన్‌లో నే మాట్లాడతాలే."

హయాత్‌కి ఒళ్లు మండిపోయింది. టైర్లు బాగుంటే తప్పంతా నడిపినవాడిదే అవుతుంది, జైలుకి పోయేది తమ్ముడే. "ఎక్కించనండి," అన్నాడు. ఇన్నేళ్లలో ఓనరుకి కాదని చెప్పడం అదే మొదలు. వేరేవాళ్లతో మార్పిస్తాడేమోనని, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా స్టేషన్ ముందున్న లారీని కనిపెట్టుకునే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు టైరు తడిమి చూసి రాసుకున్నాడు. హయాత్‌కి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన తలెత్తి అతని మొహం చూశాడు.

"పోయిన వారం ఈ బండికి కొత్త టైర్లు చూపించి పాస్ చేయించుకెళ్లింది నువ్వే కదూ?"

"నేనేనండి. ఓనరుగారు చెప్తేనే."

పక్కనున్న లక్ష్మీకాంత్ గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "ఎంత మాటండీ! కొత్త టైర్లతో బండి అప్పజెప్పాను. అన్నదమ్ములు కలిసి మార్చేశారు. నట్లు విప్పిందెవరో అడగండి."

ఇన్‌స్పెక్టరు అడిగాడు. హయాత్ ఏం చెప్తాడు? "నేనే విప్పానండి."

కేసు అన్నదమ్ములిద్దరి మీదా పడింది. లక్ష్మీకాంత్ సాక్షి అయ్యాడు. ఇంత అన్యాయానికి అడ్డు చెప్పినవాడు లేడు.

బెయిలు మీద బయటికొచ్చాక, కోర్టు వాయిదాకి వెళ్లడానికి ఇద్దరూ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. లక్ష్మీకాంత్ లారీ ఒకటి ముందునుంచి పోయింది. ముందు టైరు పక్కన తెల్లరంగు చుక్క. గుర్తు కోసం హయాత్ పెట్టుకున్నదే. ఫిట్‌నెస్‌కి పోతున్నట్టుంది.

అష్రఫ్ ఆ టైర్లు కనుమరుగయ్యేదాకా చూశాడు. "ఆ రోజు ముందు రెండూ ఉంచుంటే ఆమె బతికేదన్నా," అన్నాడు.