సోనామసూరిని జోకొట్టిన సాయంత్రం

మా పాపకి ఈరోజుతో మూడు వారాలు. ఇంట్లో బియ్యం అయిపోతే సాయంత్రం ఇండియన్ స్టోర్‌కి వెళ్లి, ఇరవై పౌండ్ల సోనామసూరి బ్యాగ్ భుజాన వేసుకుని బిల్లింగ్ లైన్లో నిలబడ్డాను. కాసేపటికి వెనక నిలబడ్డ ఒక తెలుగు ఆంటీ నవ్వుతూ అడిగారు.

"ఎన్ని వారాలు బాబూ?"

"మూడు ఆంటీ. మీకెలా తెలుసు?"

"ఇందాకట్నుంచీ ఊగుతూ బియ్యాన్ని జోకొడుతున్నావుగా! అట్లా కాదు, మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకో."

సిగ్గుపడి ఆపేయాల్సింది పోయి, నేను నిజంగానే బ్యాగ్ కింద చెయ్యి సర్దుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కనీసం నవ్వలేదు. పాప బట్టలు మడతపెడుతూనే, "త్రేన్పు తెప్పించావా మరి?" అంది.

మీలో ఇంకెవరైనా ఇలా బియ్యాన్ని నిద్రపుచ్చారా, లేక మా ఇంట్లోనేనా?