కొళాయి వైపు సగం

మొన్న బంగారుపేట బజారులో ఒక హార్డ్‌వేరు కొట్టు ముందు నిలబడి, ఓసు పైపు కావాలన్నాను. కొట్టాయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఏ ఓసు అని అడిగాడు. గ్యాసు పొయ్యికా, బట్టల మిషనుకా, మోటారుకా, తోటకా, కారు కడగడానికా అంటూ ఒక్కొక్కదాన్నీ చుట్టల్లోంచి లాగి బల్ల మీద పరిచాడు. పచ్చది, నారింజ రంగుది, లోపల దారాలు కనిపించే తెల్లది. అవేవీ కావు, నల్లటి రబ్బరుది, చేతికి బరువు తగిలేది, లోపల గుడ్డ పొరలుండేది, గనుల్లో వాడేవారే, అది కావాలన్నాను. "గనే మూసేసినారు గదమ్మా, ఇంగ దాని ఓసు యాడ తెచ్చేది?" అన్నాడాయన. మాట న్యాయమైనదే. కానీ నా అవసరం ఆయనకేం తెలుసు? మా తోటికోడలు మాలూరు నుంచి కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వస్తోంది, వారం రోజులు మా ఇంట్లోనే ఉంటుంది. ఫోనులో అన్ని మాటలూ అయ్యాక, పెట్టేసే ముందు, "నా తుండు నేను తెస్తా ఉండాను. నీ తుండు ఉండాది గదా?" అంది. తుండంటే మా మాటలో ముక్క, ఇక్కడ ఓసు ముక్క. ఉండాదక్కా అన్నాను. అనేసి సంచి పట్టుకుని బజారుకు బయలుదేరాను. ఆమె ముందు ఒక్కసారి కూడా తల దించకూడదని పెళ్ళైన నాటి నుంచీ నాకొక పట్టుదల. దానికి ఇప్పుడు ముప్పు వచ్చిపడింది.

ఓసు అనే మాటకు మా కోలారు బంగారు గనుల్లో ఎన్ని అర్థాలుండేవో ఆ కొట్టాయనకు తెలియదు. గని లోపలికి దిగేవాళ్ళకు గాలి ఓసు, నీళ్ళ ఓసు అని రెండుండేవి. రెండూ వెళ్ళి రాయి తొలిచే మిషనుకే తగులుకుంటాయి. ఒకటి దాన్ని ఆడిస్తుంది, రెండోది దుమ్ము లేవకుండా తడుపుతుంది. వర్క్‌షాపు గోడకు చుట్ట చుట్టి వేలాడదీసిన గుడ్డ ఓసు నిప్పంటుకుంటే ఆర్పడానికి, ఊరికే దాన్ని ముట్టుకోకూడదు. ఆండర్సన్‌పేట బస్సు దారిలో ఆగి పొగలు కక్కితే డ్రైవరు దిగి మూతెత్తి చూసి, ఓసు పోయిందనేవాడు. మేమంతా దిగి నడిచేవాళ్ళం. తాపీ మేస్త్రికి ఓసంటే నీళ్ళు నింపి మట్టం చూసే సన్నటి గొట్టం. ఆసుపత్రిలో ఒక ఆంగ్లో ఇండియన్ నర్సమ్మ ఉండేది, ఆమెకేమో అది కాళ్ళకు తొడుక్కునే తెల్లటి మేజోళ్ళ పేరు. కంపెనీ వరసగా కట్టించిన మా లైను ఇళ్ళకు కాన్పు చేయడానికి వచ్చినప్పుడల్లా, తన హోసు బురదైపోతుందని ముక్కు చిట్లించేది. ఎవరి అర్థం వాళ్ళది. నా మటుకు నాకు ఆ మాట వినగానే మా తోటికోడలు గుర్తొచ్చి కడుపులో సన్నగా మంట రేగుతుంది, ఇప్పటికీ.

కంపెనీ సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు నా పెళ్ళైంది. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చినదాన్ని. మా బావ, అంటే మా ఆయన అన్న, గని లోపల మిషను పట్టేవాడు. మా ఆయన పైన వర్క్‌షాపులో పగిలిన ఓసులు బాగుచేసేవాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. మా అత్త ఎప్పుడో పోయింది కాబట్టి ఆ పేరు సులువుగా నాకే వస్తుందనుకుని కాపురానికి వచ్చాను. తీరా చూస్తే ఆ చోటు ఖాళీగా లేదు. మా ఆయన నిక్కర్లు వేసుకునే వయసులో ఆ ఇంటికి వదినగా వచ్చి, తల దువ్వి, అన్నం పెట్టి పెంచిన మనిషి ఒకామె అక్కడ స్థిరంగా కూర్చుని ఉంది. తోటికోడల్ని అక్కా అనాలి కదా, అన్నాను, పళ్ళు బిగపట్టుకుని. నేనెంత మనసు పెట్టి పులుసు కాచినా మా ఆయన నాలుగు ముద్దలు తిని, "బాగుండాది. వదిన అయితే ఇంగొంచెం చింతపండు వేస్తాది" అనేవాడు. పాపం, మంచి మనసుతోనే అనేవాడు, అందుకే మరీ మండేది. ఆమె జడ నా జడకన్నా లావు. ఆమె పిలిస్తే పక్కింటి మేక కూడా వచ్చేది. ఇవన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను గానీ ఓసును మాత్రం ఓర్చుకోలేకపోయాను.

వర్క్‌షాపులో ఇక పనికిరావని పక్కన పడేసిన ఓసు ముక్కల్ని మా ఆయన ఫోర్‌మన్నును అడిగి, గేటు పాసు రాయించుకుని ఇంటికి తెచ్చేవాడు. సాయంత్రాలు గడప మీద కూర్చుని, చీకిపోయిన మేర కోసేసి, ముక్కకూ ముక్కకూ మధ్య ఇనుప గొట్టం దూర్చి, పైన బైండింగు తీగ చుట్టి పట్టకారుతో మెలిపెట్టేవాడు. ఇల్లంతా రబ్బరూ గ్రీజూ కలిసిన వాసన. వీధి చివరి కొళాయి నుంచి కొత్త పెళ్ళికూతురు బిందెలు మోస్తుంటే చూడలేక చేస్తున్నాడని నేను లోలోపల పొంగిపోయి, పక్కన కూర్చుని తీగ కూడా అందించాను. అంతా అయ్యాక ఆయన ఆ నల్లటి చుట్టను భుజానికెత్తుకుని, మా గడప దాటి, పక్కింట్లో వదిన పెరట్లో దించి వచ్చాడు. వదినకు నడుము నొప్పి అన్నాడు. నాకు మాత్రం నడుము లేదా? అప్పటికి ఇళ్ళు పక్కపక్కన రెండైనా వంట ఒకటే కాబట్టి, ఆమె డ్రమ్ము నిండితే మనది నిండినట్టే కదా అని ఆయన లెక్క. ఆ డ్రమ్ములోంచి చెంబు చెంబుగా ముంచుకునే నాకు ఆ లెక్క ఎట్లా నచ్చుతుంది? మా లైను కొళాయి దగ్గర ఒక కట్టుబాటుండేది, బిందెలన్నీ అయ్యాకే ఓసు. బిందె నిండితే అందరికీ కనిపిస్తుంది, ఓసు పట్టే నీళ్ళకు లెక్కెవరు చూస్తారని. అందుకని అక్క అందరికన్నా చివర వచ్చి, ఓసు కొస కొళాయికి తొడిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని మహారాణిలా నిలబడేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, నీ మరిది బంగారమమ్మా అనేవాళ్ళు. ఆ బంగారాన్ని కట్టుకున్నది నేను, తల మీద బిందెతో అక్కడే ఉన్నాను.

పిల్లలు పుట్టాక వంటలు వేరు చేసుకున్నాం. పెద్ద గొడవేమీ లేదు, ఉన్నదల్లా నా లోపలే. మా వైపు పంపకాల్లో ఒక పద్ధతి ఉంది: పెద్దవాళ్ళు భాగాలు పెట్టాలి, చిన్నవాళ్ళు ముందు ఏరుకోవాలి. లైనులో వయసు మళ్ళిన పెద్దమనిషి ఒకాయనను కూర్చోబెట్టుకుని అక్క భాగాలు పెట్టింది. గిన్నెలు, చాపలు, రోలు, రోకలి అన్నీ సాఫీగా తేలిపోయాయి. చివరకు ఒక పక్క రాగి అండా, ఒక పక్క ఓసు పెట్టి, నీకేది కావాలో తీసుకోమంది. అండా తీసుకుంటే ఓసు ఆమెకు పోతుంది. ఓసు తీసుకుంటే పండగనాడు ఆమె పెరట్లో ఆ అండా తళతళలాడుతుంది. ఏది నా చేతికి వచ్చినా రెండోది ఆమె దగ్గరుంటుంది కదా, అదీ నా బాధ. పద్ధతి కనిపెట్టినవాడు నాలాంటిదాన్ని చూసి ఉండడు. చివరకు, అండాను కొయ్యలేం గానీ ఓసును కొయ్యొచ్చు కదా, చెరి సగం చెయ్యండి అన్నాను. పెద్దమనిషి మా ఆయన వైపు చూశాడు, మా ఆయన వదిన వైపు చూశాడు. అక్క నా వైపు చూసి, "కొయ్యప్పా. దాని కండ్లు చల్లబడనీ" అంది. రంపం పెట్టి కోసేటప్పుడు మా ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ సగాల్లో కూడా ముందు ఏరుకునే హక్కు నాదే కాబట్టి కొళాయికి తొడిగే కొస ఉన్న సగం తీసుకున్నాను. కొళాయి ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళదని నా ఎత్తు. ఓసులో నేను ముందు ఏరుకున్నాను కాబట్టి, రాగి అండా పెద్దమనిషి తీర్పుతో ఆమెకే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బిందెలన్నీ అయ్యాక నా సగం కొళాయికి తొడిగి లాగుకుంటూ వచ్చాను. అది మా ఇంటికి ఇంకా చాలా ఇళ్ళ అవతలే ఆగిపోయింది. అక్క సగానికి కొళాయికి తొడిగే కొసే లేదు. ఉన్నా చేరేది కాదు. లైనంతా నవ్వింది. ఇద్దరమూ పంతానికి పోయి బిందెలెత్తుకున్నాం. ఆమె నడుము పట్టుకుని బిందె దించుతుంటే చూసి సంతోషించాలనుకున్నాను, అదీ చేతకాలేదు. కొన్నాళ్ళకు మా ఆయన వర్క్‌షాపు నుంచి ఒక ఇత్తడి కప్లింగు తెచ్చి, మర లోపలున్న భాగం నా సగానికి, మర బయటున్న భాగం ఆమె సగానికి బిగించాడు. "తిప్పితే ఒకటి, విప్పితే రెండు. ఇంగ మీ ఇష్టం" అన్నాడు. ఆయన నోట అంత పెద్ద మాట నేను అంతకుముందు వినలేదు.

అప్పటి నుంచి రోజూ కలపాల్సిందే. నేను కొళాయి దగ్గర, ఆమె పెరట్లో డ్రమ్ము దగ్గర. నా తెలివి ఎంతదో అప్పుడు తెలిసింది: తిప్పేది నేనే అయినా నీళ్ళు బయటపడేది ఆమె చేతి దగ్గర. ఆమె డ్రమ్ము నిండాకే కొస నా డ్రమ్ములోకి మారేది. వచ్చిందా అని నేను అరవాలి, వచ్చె అని ఆమె అరవాలి. ముఖాముఖి మాటలు లేని ఆ రోజుల్లో మా మధ్య ఉన్నవి ఆ రెండే. ఒక పొద్దున, కొళాయికి తొడగబోతుంటే ఓసులోంచి ఏదో గొణుగుడు వినిపించింది. కొస చెవి దగ్గర పెట్టుకున్నాను. అటు కొసకు నోరు పెట్టి ఆమె మాట్లాడుతోంది. "నీకు గూడా సంగటి గెలికినాను. బిడ్డకు జొరమని చెప్పేదానికి నోరు లేదా నీకు?" అంది. నా బిడ్డ జ్వరం సంగతి ఆమెకు చెప్పింది మా ఆయనే అయ్యుంటాడు, నాకు చెప్పకుండా. ఒళ్ళు మండిపోయింది. కొస తొడిగి కొళాయి మొత్తం తిప్పేశాను. పెరట్లోంచి ఒక కేక వినిపించింది, ఆ వెంటనే నవ్వు. పరుగున వెళ్ళి చూస్తే ముఖం, జడ, రవిక అన్నీ తడిసి, డ్రమ్ము పట్టుకుని ఊగి ఊగి నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం సంగటి తిన్నాం. చింతాకు పప్పు నిజంగానే నాకన్నా బాగా చేసింది, ఆ మాట మాత్రం చెప్పలేదు.

గని మూతపడింది. బావ అంతకుముందే పోయాడు, గని దుమ్ము రొమ్ములో నింపుకుని. కొడుక్కి ఫ్యాక్టరీలో పని దొరికితే అక్క మాలూరు వెళ్ళింది, తన సగం చుట్టుకుని మరీ. మేము బంగారుపేట వచ్చి మోటార్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాం. ఇక నా సగం సంగతి. ఇంటిలోపలే కొళాయి వచ్చాక దానితో పనేముంది? బకెట్ల పిడి చెయ్యి కోస్తుంటే ఒక ముక్క చీల్చి తొడిగాను. మంచం కోళ్ళు గచ్చును గీస్తుంటే కిందకు ముక్కలు వేశాను. గాలికి కొట్టుకునే తలుపుకో ముక్క, ఉయ్యాల గొలుసుకో ముక్క, దూడ మెడకు పలుపు ఒరుసుకోకుండా ఇంకో ముక్క. అట్లా అరిగి చివరకు ఇత్తడి కప్లింగు మిగిలింది, అది పాలగిన్నె మూత మీద బరువుగా కూర్చుంది. ఆమె ఫోను చేసినప్పుడు ఉండాదక్కా అన్నానే, ఆ ఉన్నది అదే.

ఆ కొట్టాయన దగ్గర పచ్చ పైపే కొనుక్కొచ్చాను. వంటింటి కొళాయి కారుతోందని ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నా కదలని మా ఆయన, వదిన వస్తోందనగానే పట్టకారు వెతుక్కుని, ఆ పచ్చ పైపుకు ఇత్తడి కప్లింగు పెట్టి, తీగ చుట్టి, మెలిపెట్టి, రెండుసార్లు లాగి చూసి మరీ లేచాడు. ఈ వయసులో కూడా నాకు మండింది. మండిందని ఆయనకు చెప్పాను కూడా. నవ్వి, టీ పెట్టమన్నాడు.

నిన్న పొద్దున ఆమె రైలు దిగి వచ్చింది. ఆటోలోంచి బట్టల సంచికన్నా ముందు గోనెసంచి దింపించింది. అందులో నల్లటి తుండు, ఎక్కడా చెక్కుచెదరకుండా, చుట్ట చుట్టి ఉంది. కప్లింగు మరకు కొబ్బరినూనె రాసి పాత చీర పేలిక చుట్టింది. ఇన్నేళ్ళూ అట్లాగే చూసుకుందట. దాచుకోవడంలో కూడా నన్ను మించిపోయిందే అనుకున్నాను. చూపు సరిగ్గా లేదు కదా, నా పైపు రంగు తెలియదులే అని ఒక చిన్న ఆశ. ఆమె వేళ్ళతో తడిమింది. మర పట్టించి తిప్పింది. ఇత్తడి ఇత్తడికి పట్టుకుంది. తన కొస తీసుకుని గోడ పట్టుకుంటూ పెరటి మల్లెచెట్టు దగ్గరకు వెళ్ళింది. నేను కొళాయి దగ్గర నిలబడి, ఎందుకో అలవాటుగా కొసను చెవి దగ్గర పెట్టుకున్నాను. ప్లాస్టిక్కు వాసనలోంచి సన్నగా ఆమె గొంతు వచ్చింది.

"నీ తుండు యాడికి పోయిందో నాకు తెలుసులేవే. దిగులు పడొద్దు, తిప్పు."

ఆమె మూతి పక్కకు తీసిందో లేదో చూసుకోకుండానే కొళాయి మొత్తం తిప్పాను. పెరట్లోంచి కేక, ఆ వెంటనే నవ్వు. నీళ్ళు ఈసారీ ముందు ఆమెకే అందాయి. ఇన్నేళ్ళ కాలం గనిని మూసింది, మనుషుల్ని తీసుకుపోయింది, ఆ ఒక్కదాన్ని మాత్రం మార్చలేదు. మారకపోవడమే మంచిదని ఒప్పుకోవడానికి నాకింకా కొంత వ్యవధి కావాలి, అంతవరకు ఆమె అటు కొస పట్టుకుని ఉండాలి.