జుట్టు ప్రకటనకు గొంతిచ్చాక

డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. సినిమాల్లో చిన్న వేషాలకు చెబుతాను, మధ్యలో ప్రకటనలు. నా జుట్టు నలభై నిండకముందే పోయింది. మైకు ముందు జుట్టుతో పనేముంది, అందుకే పట్టించుకోలేదని అందరితో అంటుంటాను. నిజానికి మూడేళ్లు రోజూ స్నానం చేశాక మాడుకు మందు రాసుకున్నాను. ఉన్నది నిలిచింది, పోయింది రాలేదు. విసుగొచ్చి మానేశాక ఆ నిలిచింది కూడా పోయింది.

కిందటి ఏడాది ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియోకి పిలిచారు. జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన క్లినిక్ ప్రకటన. కణాల్లోంచి తీసిన ద్రవమేదో సూదులతో తలకి ఎక్కిస్తారట. కాగితం మీద ‘పోయిన జుట్టు మళ్లీ వస్తుంది’ అని ఉంది. ‘రావచ్చు’ అందామా అని అడిగాను. ప్రకటన తీస్తున్నాయన నన్ను తప్పుపట్టలేదు.

“రావచ్చు అంటే ఎవరొస్తారండీ?” అన్నాడు.

ఆ రోజు నాకది మూడో రికార్డింగు. వాదించే ఓపిక లేక ఉన్నదున్నట్టు చదివేశాను. ఒక్క టేకులో అయిపోయింది.

యూసుఫ్‌గూడలో మా పై పోర్షన్‌లో షూటింగ్ వ్యాను నడిపే అతను తల్లితో ఉంటాడు. ముప్పై దాటాయి. రెండు సంబంధాలు అతని పలచబడ్డ తల చూసే తప్పిపోయాయని వాళ్లమ్మ మా ఆవిడ దగ్గర చెప్పుకుని బాధపడింది. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్లో ఆ ప్రకటన వినిపించాడు.

“గిది నీ గొంతే గదన్నా. నువ్వు చెప్పినవంటే నిజమే అయితది. పొమ్మంటవా?”

గొంతు నాదే, మాట నాది కాదన్నాను. మరి అబద్ధమా అని అడిగాడు. అబద్ధమని కూడా అనలేకపోయాను. నాకు తెలియదన్నాను. తెలిసినవాళ్లని అడుగుదామన్నాను.

ఆ వారంలోనే అతన్ని బంజారాహిల్స్‌లో నాకు తెలిసిన చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె భూతద్దం పెట్టి అతని మాడంతా ఓపిగ్గా చూసింది. కొత్త చికిత్సల్లో కొన్ని నిలబడొచ్చు, అయితే ఎవరికి పనిచేస్తాయో, ఎన్నాళ్లుంటాయో ఇంకా తేలలేదంది. మాడుకు రాసుకునే పాత మందు ఉన్నదాన్ని కాపాడుతుంది, కానీ ఆపకూడదంది. తేలడానికి ఎన్నేళ్లు పడుతుందని అడిగాడు. ఆమె చెప్పలేనంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నా స్కూటరు ఆపించి ఆ పాత మందే కొన్నాడు.

ఎనిమిది నెలలు పాత మందే వాడాడు. రాలడం తగ్గింది. ఈలోగా క్లినిక్ వాళ్లు రెండో ప్రకటనకి పిలిస్తే రానన్నాను. వేరే ఎవరితోనో చెప్పించుకున్నారు. గొంతు నాకంటే బాగుంది.

పోయిన నెల మూడో సంబంధం వచ్చింది. ఇక ఆగలేనని అతను నాలుగు రోజుల కిందట క్లినిక్‌కి వెళ్లి మొదటి విడత సూదులు వేయించుకున్నాడు. నాకు ముందు చెప్పలేదు. నేనూ ఎందుకని అడగలేదు. మొన్న పొద్దున షూటింగ్‌కి బయల్దేరుతూ మా గుమ్మం ముందు ఆగి, తల వంచాడు.

“జర చూడన్నా. ఏమన్న కనబడ్తుందా?”

ఎండలోకి తిప్పి చూశాను. సూదుల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడే ఏం చెప్పలేమన్నాను. సరేనని వెళ్లి వ్యాను తీశాడు.