గేటుకు కట్టిన వెల్లుల్లి దండ

మీ గుమ్మానికి ఇప్పుడేం వేలాడుతోంది? తల తిప్పుకోకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. నిమ్మకాయా, మిరపకాయలా, బూడిద గుమ్మడికాయా? ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మా బిల్డింగుకు మాత్రం వెల్లుల్లి వేలాడింది. అది అక్కడికెలా వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సూరత్‌లో, వడోద్ అనే పేటలో మాది మూడంతస్తుల బిల్డింగు. నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మిగతావాళ్లంతా కరీంనగర్ వైపు నుంచి మగ్గాల మీద పనికి వచ్చిన కుటుంబాలు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ వేసవిలో కార్ఖానాలు సగం మూతపడ్డాయి, సినిమా హాళ్లు పూర్తిగా మూతపడ్డాయి. ఫోన్లలో మాత్రం రోజుకో కొత్త దేవత, కొత్త కషాయం. ఒక సాయంత్రం ఇంటింటా గుగ్గిలం పొగ వేస్తే దగ్గేవాళ్లు మరింత దగ్గారు. వాదించాను. వయసులో ఉన్నప్పుడు వరంగల్‌లో చర్చావేదికలెక్కి బాణామతి కథల్ని చీల్చి చెండాడినవాణ్ణి. ఇక్కడ మెట్ల మీద ముగ్గురిని ఒప్పించలేకపోయాను.

అప్పుడే ఆ పాత విదేశీ దెయ్యాల సినిమాలు గుర్తొచ్చాయి. వరంగల్‌లో ఆదివారం పొద్దుటి ఆటకు వచ్చేవి. కొండ మీద కోట, ఎప్పుడూ విడవని పొగమంచు, శవపేటికలోంచి చక్కగా దువ్విన తలతో లేచే జమీందారు. పేటికలో దువ్వెన ఎక్కడిదని మిత్రులం ఇంటర్వెల్‌లో గంభీరంగా తర్కించుకునేవాళ్లం. ఏదైనా చప్పుడైతే చాలు, ఆ ఇంటి పిల్ల ఒక్క కొవ్వొత్తి పట్టుకుని నేరుగా నేలమాళిగలోకే దిగేది. పక్క గదిలో ఆరడుగుల మగవాళ్లుండేవారు, ఒక్కణ్ణీ లేపేది కాదు. కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. భయపడేవాళ్లం కూడా, కానీ నవ్వాక ఆ భయం ఇంటిదాకా వచ్చేది కాదు. ఆ నవ్వునే మా బిల్డింగుకు పంచాలనుకున్నాను.

పెళ్లి వీడియోలు తీసే పక్క బిల్డింగాయన పని లేక ఖాళీగా పడున్న ప్రొజెక్టరు ఇచ్చాడు. రంగు వేయని తెల్లగుడ్డను ఇక్కడ గ్రే అంటారు, మగ్గాలవాళ్లు ఒక తాను ముక్క తెచ్చి ఎదురు గోడకు కట్టారు. బాల్కనీని ఇక్కడ గ్యాలరీ అంటారు, చీకటి పడుతుండగా ఎవరి గ్యాలరీలో వాళ్లు కూర్చున్నారు. మాటలు ఇంగ్లీషు కాబట్టి నేను తెలుగులో చెప్పాలి. చెప్పనిస్తేగా!

కోట తలుపు కిర్రుమంది. "గా తలుపుకు జర మగ్గం నూనె పెట్టరాదు?" అని రెండో అంతస్తు నుంచి ఒక గొంతు. గాలికి గుడ్డ ఊగి జమీందారు మూతి వంకరపోతే ఈలలు. కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంది, గేటు తాళంచెవి కొంగున కట్టుకుని బిల్డింగునంతా ఏలే మనిషి. ఆమె కొవ్వొత్తి పిల్లను తిట్టిపోసింది: "దీనికి అవ్వ లేదా? చెప్పెటోళ్లు లేకనే గిట్ల తయారైంది!"

నేను గెలిచాననుకున్నాను.

ఆ సినిమాలో ఒక ముసలి డాక్టరు దెయ్యం రాకుండా కిటికీలకు వెల్లుల్లి దండలు కడతాడు. మర్నాడు పొద్దున చూస్తే మా గేటుకు అదే దండ.

"ఏందక్కా ఇది?" అన్నాను పెద్దావిడతో.

"నువ్వే జూపిస్తివి గద సారూ. గంత సదువుకున్న డాక్టరు ఊకెనే కడ్తడా?"

"అది సినిమా అక్కా! పైగా అతను కట్టింది దెయ్యానికి."

"కరోనా ఏమన్న మన సుట్టమా? ఎల్లిగడ్డకు తెలుస్తదా గది దెయ్యమో, రోగమో?"

సాయంత్రానికి ప్రతి గుమ్మానికీ దండ. కూరల బండివాడు వెల్లుల్లి ధర పెంచాడు.

ఆ వారంలోనే పై అంతస్తు మగ్గం కార్మికుడు ఆసుపత్రి నుంచి నయమై వచ్చాడు. ఇక ఎవరికీ అంటదు, ఇంటికి పొమ్మని డాక్టర్లే పంపారు. మధ్యాహ్నపు ఎండలో గేటు బయట నిలబడ్డాడు. చిక్కిన ముఖం, లోపలికి పోయిన కళ్లు. పెద్దావిడ తాళం తీయనంది. గ్యాలరీలు నిండిపోయాయి. మొన్న తెరను చూసిన కళ్లన్నీ ఇప్పుడు అతన్ని చూస్తున్నాయి.

గొంతు చించుకున్నాను. వైరస్ ఒంట్లో ఎన్నాళ్లు బతుకుతుందో, ఎప్పుడు అంటదో అంతా చెప్పాను.

"నీ మాట మంచిదే సారూ, తాళం మాత్రం నాది" అంది ఆమె.

పైనుంచి అతని భార్య అరిచింది: "మా ఆయిన నీ కండ్లకు దెయ్యం లెక్క కనవడుతున్నడా పెద్దమ్మా?"

"పిలువనిదే దెయ్యం గడప తొక్కదు. సారే చెప్పిండు గద! ఎవ్వలు పిలవకుండ్రి!" అని మళ్లీ ఆ రెండో అంతస్తు గొంతు. తల గోడకు కొట్టుకోవాలనిపించింది. సినిమా మొత్తంలో ఆ ఒక్క డైలాగే నన్ను పూర్తిగా తెలుగులో చెప్పనిచ్చారు.

గేటు బయట ఆ మనిషి దండలోంచి ఒక గడ్డ తెంపాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మాస్కు దించి, పొట్టు తీసి రెండు పాయలు నమిలాడు.

"వాసన లేదు పెద్దమ్మా, రుసి లేదు. నేను దెయ్యమే అనుకో, పారిపోనీకన్న ముక్కు పనిజెయ్యాలె గద!" ఇంకో పాయ నోట్లో వేసుకున్నాడు. "ఇంట్ల బువ్వ తిని శాన రోజులాయె. నువ్వు పిలిస్తెనే వస్త."

పెద్దావిడ మూతి బిగించింది. నవ్వు ఆగక కొంగు అడ్డం పెట్టుకుంది. తాళం తీసింది.

"రా కొడుకా, లోపలికి రా. నీ ముక్కు పాడుగాను!"

చూశారా? నేను చెప్పిన శాస్త్రమంతా ఓడిపోయి వెల్లుల్లి నెగ్గింది. దండ తీసేయమంటే, పనిజేసింది గదా అన్నారు. పైగా ఆ సాయంత్రమే, "సారూ, ఇంకో దెయ్యం లేదా?" అని అడిగారు. వేశాను. ఏం చేయను, నాకూ ఇష్టమే. పై గ్యాలరీలో అతను కూతుర్ని ఒళ్లో పెట్టుకుని చూశాడు.

కుర్రతనంలో ఆ సినిమాల్లో దెయ్యాన్నే చూశాను. ఆ సాయంత్రం నా కళ్లు తెర మీది ఊరివాళ్ల మీదే ఉన్నాయి. బండి దిగిన బాటసారి ముఖాన తలుపులు వేసేవాళ్లు, అడిగితే పలకనివాళ్లు. దెయ్యం ఒక్కటే. తలుపులు మూసేది ఊరంతా.

మీ వీధిలోనూ ఎవరో ఒకరు జబ్బు తగ్గి వచ్చి గేటు బయట నిలబడి ఉంటారు. మీ గుమ్మానికి వేలాడేదాని సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు లేవండి. వెళ్లి తాళం తీసి, నలుగురికీ వినబడేలా ఆ మనిషిని లోపలికి పిలవండి.