మట్టిముద్దల్లో చేపతోక గుర్రం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ప్రత్తిపాడు వైపు తిరిగే దయ్యం కథల్లో సగం నేను పుట్టించినవే, ఇక నమ్మేదెలా?

కిందటేడు మిరపచేలో కలుపు తీస్తుంటే గోరంత ఎర్రరాయి దొరికింది. దాని మీద ముందు గుర్రం, వెనక చేపతోక ఉన్న జంతువును లోతుగా చెక్కారు. గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పే మా మేనకోడలు చూసి, అది పూర్వం రోమన్ల ఉంగరంలో రాయి అని, ఆ జంతువు వాళ్ల కథల్లోని సముద్రపు గుర్రమని చెప్పింది. మెత్తటి మట్టి మీద అదిమి ముద్ర వేసేవారట.

కాయలు కల్లంలో ఆరబోశాక నా కుప్ప రోజురోజుకీ తగ్గుతున్నట్టనిపించింది. అదే కల్లంలో పక్కన మస్తాన్ కుప్ప. నలభై ఏళ్ల స్నేహితుడు. ఎండితే కుప్ప తగ్గుతుందని తెలియని రైతునా నేను? అయినా అనుమానం పట్టింది.

వెనకటి రోజుల్లో ధాన్యపు రాశుల మీద ముద్ర వేసేవారు, ఎవరైనా చెయ్యి పెడితే చెదురుతుందని. ఆ సాయంత్రం కుప్ప మీద పట్టా కప్పి, అంచుల మీద ఏడు తడిమట్టి ముద్దలు పెట్టి, ఒక్కోదాని మీద రాయి అదిమాను.

మస్తాన్ వచ్చి వంగి చూశాడు.

“గుర్రానికి చేపతోకేంట్రా! ఇదంతా నా కోసమేనా?”

“కుక్కల కోసంలేరా.”

“కుక్కలకి ముద్రలు చదవడం వచ్చా, ఏరా?” అని నవ్వాడు గానీ, ఆ రోజు నాతో కలిసి ఇంటికి రాలేదు.

తెల్లారి చూస్తే పట్టా కదల్లేదు. ముద్దలు చెదరలేదు. ఏడింటిలోనూ రాయి దిగిన గుంట అలాగే ఉంది. లోపల గుర్రం లేదు, నున్నగా ఉంది. మంచు అందామంటే పట్టా పొడిగా ఉంది. జేబులోని రాయి మీద బొమ్మ మాత్రం ఎప్పటిలాగే ఉంది.

నేను ఊరుకుంటేగా! టీకొట్టు దగ్గర చెప్పాను: గుర్రం లేచిపోయిందని, సముద్రపు హోరు విన్నానని, గిట్టల గుర్తులు మస్తాన్ కుప్ప దాకా ఉన్నాయని. జనం వచ్చి ఆ గుర్తులు చూశారు, తర్వాత మస్తాన్‌ని చూశారు. అతను తన కాయలు ట్రాక్టర్‌కెత్తి వేరే కల్లానికి తోలుకుపోయాడు.

ఒప్పుకుంటున్నాను. హోరు లేదు. గిట్టల గుర్తులు కొబ్బరిచిప్పతో నేనే వేశాను. వారం తర్వాత మస్తాన్ ఇంటికెళ్లి ఇదే చెప్పాను.

“చిప్ప సంగతి నాకు అప్పుడే తెలుసులేరా. ముద్దల్లో గుర్రాన్ని ఎందుకు చెరిపావు?”

“అది మాత్రం నేను చెరపలేదురా.”

“ఇంకానా?” అని లేచి లోపలికెళ్లాడు.

ఈ ఏడూ అతని కాయలు వేరే కల్లంలోనే ఎండుతున్నాయి. ఆ గుర్రం ఏమైందో నాకు తెలిసుంటే, ముందు అతనికే చెప్పేవాణ్ణి.