మొండయ్య తవ్విన బీరుబాయి

మందమర్రిలో బీరుకు రెండే పరీక్షలు. సల్లగున్నదా, స్ట్రాంగేనా? ఈ రెండింట్లో నెగ్గిన సీసా మూడో ప్రశ్న వినేదాకా బతకదు. అలాంటి ఊళ్ళో మా వాడకట్టు మొండయ్య ఒక బీరు సీసాను నాలుగేళ్ళకు పైగా మూత తీయకుండా కాపాడాడు. దొంగల నుంచి కాదు, చుట్టాల నుంచి.

మొండయ్య బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. సర్వీసంతా నలుగురి నెత్తిన బండ పడకుండా చూసిన మనిషి, సొంత ఇంటి రేకులు వానకు కారుతుంటే మాత్రం కింద బకెట్ పెట్టి ఊరుకునేవాడు. భార్య చంద్రవ్వ అరిస్తే, "కారుతది గని కూలది. నాది గ్యారంటీ" అనేవాడు.

ఒక్కగానొక్క కొడుకు రాకేశ్ కెమిస్ట్రీ చదివి బెంగళూరులో ఒక చిన్న బీరు కంపెనీలో కుదిరాడు. అమ్మడం కాదు, బీరు కాచడమే ఉద్యోగం. చంద్రవ్వ ఈ సంగతిని వాడకట్టులో "కెమికల్ కంపెనీ" అని చెప్పుకునేది. సాయంత్రమైతే వైన్స్ ముందు వరస కట్టే మొగవాళ్ళంతా ఆ మాట విని గౌరవంగా తలూపేవాళ్ళు. బీరు కంపెనీ అని చెప్పి ఉంటే వాళ్ళే ముందు ఛీ అనేవాళ్ళు.

రాకేశ్ తన చేత్తో మొదటిసారి కాచిన సరుకును తండ్రికి తెచ్చాడు. నల్లగా, చిక్కగా ఉంది. మొండయ్య అలవాటు ప్రకారం గ్లాసెడూ ఒక్క గుక్కలో దించి, మొహం గంటుపెట్టుకుని, "ఇది బీరా, దగ్గుమందా? పారబొయ్యిరా!" అన్నాడు.

రాకేశ్ గ్లాసు తనే కడిగి బోర్లించి, నెమ్మదిగా చెప్పాడు. "బాపూ, దీన్ని బార్లీవైన్ అంటరు. పేర్ల వైన్ ఉన్నది గని బీరే. బార్లీ ఎక్కువ బోసి గట్టిగ చేస్తం. ఇప్పుడు పచ్చిగున్నది. అయిదేండ్లు సల్లటి చీకట్ల పెడితే రుచి తిరుగుతది. అప్పుడు తాగి చెప్పు. నువ్వు మంచిగున్నదంటెనే నాకు పని వచ్చినట్టు."

నాలుగు సీసాలు వదిలి బండెక్కాడు.

కొడుకుకు తప్పయిందని చెప్పే అలవాటు మా వాడకట్టులో ఏ తండ్రికీ లేదు. అందుకని మొండయ్య గడ్డపార తీసి పెరట్లో బాయి తవ్వాడు.

మందమర్రి ఎండల్లో ఇంట్లో పెడితే బీరు ఉడుకుతుంది. భూమి లోపల ఎంత లోతుకు పోతే చల్లదనం మారకుండా నిలుస్తుందో ఆయనకు ఒంటికి తెలుసు. మనిషి దిగేంత లోతు తవ్వి, మెట్లు కొట్టి, పక్కకు చిన్న గూడు మలిచి, కప్పుకు దిమ్మెలు బిగించాడు. దిగేముందు పాత హెల్మెట్ పెట్టుకునేవాడు. కర్రతో కప్పును తట్టి, చెవి పెట్టి, శబ్దం గట్టిగా ఉంటేనే లోపలికి అడుగు వేసేవాడు. నాలుగు సీసాల కోసం ఇంత భద్రత చూసి వాడకట్టు వాళ్ళు ఆయనకు లంకెబిందెలు దొరికాయని తీర్మానించారు. అసలు సంగతి తెలిశాక ఇంకా ఆశ్చర్యపోయారు. బంగారం దాచేవాణ్ణి అర్థం చేసుకోవచ్చు, బీరు దాచేవాణ్ణి ఎట్లా?

మొదటి సీసాను తీసుకుపోయింది చంద్రవ్వ తమ్ముడు లక్ష్మణ్. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, అక్క ఇచ్చిన చాయ ముట్టకుండా పక్కన పెట్టాడు.

"భూమిల సీసలు దాసిపెట్టి నాకు చాయ పోస్తున్నవా బావా? నేనేమన్న పరాయోన్నా?"

"గది ఇప్పుడు తాగేది గాదు బామ్మర్దీ. అయిదేండ్లు ఆగాలె."

"అయిదేండ్లా? నాకు నలభై రోజుల సెలవే ఉన్నది."

మొండయ్య హెల్మెట్ పెట్టుకుని దిగి ఒక సీసా తెచ్చాడు. లక్ష్మణ్ సీసా విప్పి, సగం గ్లాసు కూల్‌డ్రింక్ కలిపి, మంచుముక్కలు వేసుకుని తాగి తీర్పు చెప్పాడు. "కిక్కు మస్తున్నది బావా. గని డేటు అయిపోయినట్టున్నది, జర చూసుకో."

రెండోది పోచమ్మకు పోయింది. ఆ ఏడు బోనాల నాడు వాన పట్టి కల్లు దిగలేదు. అమ్మవారికి కల్లు సాక పోయకుండా బోనం ఎట్లా ఎత్తేది? చంద్రవ్వ తనే బాయిలో దిగి సీసా తెచ్చి, వేపాకులతో పాటు గద్దె ముందు ధార పోసింది. మొండయ్యకు తెలిసేసరికి చీమలు కూడా వచ్చేశాయి. దేవతతో కొట్లాడలేక, "తల్లి ఏమన్నదే?" అని మాత్రం అడిగాడు.

"నీలెక్క మూతి గంటు పెట్టలే."

మూడోది ఒకరోజు లోపల గ్యాసు పెరిగి దానంతటదే పేలింది. పెరట్లో ధడేల్‌మన్న చప్పుడు వినగానే మొండయ్య పాత అలవాటుతో "అందరు బయటికి! బయటికి!" అని కేకలు పెట్టాడు. పక్కిళ్ళ వాళ్ళు కూడా పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి ఉరికారు. తర్వాత సంగతి తెలిసి తిట్టుకుంటూ లోపలికి పోయారు.

ఇక మిగిలింది ఒక్కటి. అది పోతే కొడుకుకు చెప్పాల్సిన మాట పోయినట్టే. మొండయ్య ఆ గూటికి తలుపు పెట్టి తాళం వేశాడు.

తాగడానికి వీల్లేని బీరు కోసం ఆయన సాధన మొదలుపెట్టాడు. ఎట్లా రుచి చూడాలో రాకేశ్ ఫోన్లో చెప్పాడు. ముందు రంగు చూడాలి, తర్వాత వాసన, తర్వాత చిన్న గుక్క తీసుకుని నాలుక మీద నిలపాలి. సీసా ముట్టకూడదు కాబట్టి మొండయ్య ఇదంతా చాయ మీద, చారు మీద, మజ్జిగ మీద నేర్చుకున్నాడు. గిన్నెను వెలుగుకు ఎత్తేవాడు, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

"ముందుగాల మెంతులు తగులుతున్నయి. ఆఖరికి కొద్దిగ మాడువాసన..."

"పప్పు మాడిందని చెప్పనీకె గంతసేపు గావాల్నా?" అనేది చంద్రవ్వ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను వండింది వాసన చూడకుండా మింగిన మనిషి ఇప్పుడు చారులో తప్పులు పడుతుంటే ఆమెకు బీరు మీద కన్నా కొడుకు మీద కోపం వచ్చేది.

నాలుగో ఏడు నిండి ఐదో ఏడు నడుస్తుండగా రాకేశ్‌కు సంబంధం వచ్చింది. పిల్ల పేరు నవత. తండ్రి గంగయ్య పెద్దపల్లి దగ్గర వరి పండించే ఆసామి. పిల్లా పిల్లగాడూ ఫోన్లో మాట్లాడుకుని నచ్చుకున్నారు. ఇక మిగిలింది పెద్దవాళ్ళు ఇల్లు చూసిపోవడం. గంగయ్య కబురంపిన రోజుకు సరిగ్గా ఎలక్షన్లు పడి వైన్స్ బంద్ అయ్యాయి. ముందే కొని దాచుకున్నవాళ్ళు ఎవరూ బయటపడటం లేదు. పొద్దున కోసిన మేకతో యాటకూర ఉడుకుతోంది. ఇంట్లో మందు లేదు.

"వియ్యాలవారి ముంగట ఉత్త కూర పెడుదుమా?" అంది చంద్రవ్వ. "బాయిల సీస తియ్యి."

"ఇంక అయిదేండ్లు నిండలే."

"పిల్లగానికి ముప్పై నిండినయి."

మొండయ్య పెరట్లోకి పోయి చాలాసేపు బాయి గట్టు మీద కూర్చున్నాడు. చివరికి హెల్మెట్ పెట్టుకున్నాడు. కప్పు తట్టాడు, దిగాడు, సీసాను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొచ్చాడు. లెక్క వేసుకున్నాడు. గంగయ్యకు కొంత, ఆయనతో వచ్చే పెద్దమనిషికి కొంత, తనకు ఒక పావు గ్లాసు. పావు గ్లాసు చాలు. అంతకన్నా ఎక్కువ రుచి చూడనక్కర లేదని రాకేశే చెప్పాడు.

సీసాను బల్ల మీద పెట్టి కొత్త అంగీ కోసం లోపలికి పోయాడు. వెచ్చటి బీరు వియ్యంకుడికి పోస్తే పరువేం గాను? చంద్రవ్వ సీసాను తీసి ఫ్రిజ్ పై అరలో, గడ్డకట్టిన చేపల సంచి కింద తోసింది. చుట్టాలు పొద్దున్నే వస్తామన్నవాళ్ళు రైల్వే గేటు దగ్గర ఇరుక్కుని మధ్యాహ్నానికి చేరారు. అంతసేపూ సీసా చేపల కిందే ఉంది; భార్య నీళ్ళకుండ పక్కన దాచిందనుకున్నాడు మొండయ్య.

భార్యనూ, ఒక పెద్దమనిషినీ వెంటబెట్టుకొచ్చిన గంగయ్య పెద్ద మీసాలాయన. వస్తూనే ఇంటి రేకులు చూశాడు, బకెట్ చూశాడు, కూర్చోకముందే అసలు విషయానికి వచ్చాడు.

"మొండన్నా, పిల్లగాడు కెమికల్ కంపెనీ అన్నరు. మా పిల్లేమో బీరు కంపెనీ అంటున్నది. ఏది నిజం?"

"బీరే," అన్నాడు మొండయ్య. చంద్రవ్వ తలుపు చాటున కళ్ళు మూసుకుంది.

"అమ్ముతడా?"

"కాస్తడు."

గంగయ్య తన వెంట వచ్చిన పెద్దమనిషి వైపు చూశాడు. "సూడన్నా, తాగెటోళ్ళకు పిల్లలనిచ్చినం. మా తాతల నుంచి గదే ఇస్తున్నం, వేరే దొరకరు గదా. గని కాసెటోనికి ఇయ్యలే. ఊళ్ళె ఏమని జెప్పాలె?"

"గది తర్వాత మాట్లాడుదాం బావా, ముందుగాల కాళ్ళు కడుక్కోండ్రి," అన్నాడు మొండయ్య, లేని చుట్టరికాన్ని కలుపుకుంటూ.

విస్తళ్ళు పడ్డాయి. "మందేమన్న ఉన్నదా, బందేనా?" అన్నాడు గంగయ్య. బీరు కాచేవాణ్ణి అల్లుణ్ణి చేసుకోనన్న మనిషికి బీరు తాగడంలో అభ్యంతరమేమీ లేదు.

చంద్రవ్వ తెల్లగా మంచు పట్టిన సీసా తెచ్చి పెట్టింది. మొండయ్య ఆమె వైపు గుర్రుగా చూశాడు. అందరి ముందూ అనలేక, మూత తీసి గంగయ్య స్టీలు గ్లాసులోకి వంచాడు. బీరు రాలేదు. నురగా రాలేదు. కాసేపటికి నల్లటి తీగలాంటి ధార, పాకం జారినట్టు, మెల్లగా దిగింది. నీళ్ళన్నీ గడ్డకట్టి, గట్టిదనమంతా విడిపోయి కిందికి దిగుతోంది. సగం గ్లాసు నిండాక ఆగిపోయింది. ఊపితే లోపల మంచు గలగలమంది.

"ఏందిది, గింతేనా?" అంటూ గంగయ్య గటుక్కున మింగబోయి మధ్యలో ఆగాడు. మీసాలు కదల్లేదు. మళ్ళీ చిన్న గుక్క తీసుకున్నాడు. కూర ముద్ద కలిపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"మొండన్నా, గిదేంది? ఖర్జూరపండు లెక్కున్నది. ఇంకోటి... కొత్తబెల్లం. మా అవ్వ అటిక మీద కుండల దాసేది, గదీ."

"నాకు సుత జర పొయ్యి," అన్నాడు పెద్దమనిషి.

"ఆగు!" అన్నాడు గంగయ్య.

మొండయ్య సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబెట్టాడు. ఇంకొంత కరిగింది. అది పెద్దమనిషికి పోయబోతే గంగయ్య గ్లాసు అడ్డం పెట్టాడు. మళ్ళీ వెచ్చబెట్టాడు. మళ్ళీ గంగయ్య గ్లాసే. ఇంటికొచ్చిన మనిషి గ్లాసు చాపితే తన గ్లాసులో పోసుకునే పద్ధతి మొండయ్య ఎరగడు.

యాటకూర సగంలోనే గంగయ్య కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు మెత్తబడింది. "బావా," అన్నాడు. ఈసారి చుట్టరికం ఆయన కలిపాడు. "గిసొంటి పని చేతుల ఉన్నోడు ఎన్నడన్న ఉపాసముంటడా? పిల్లనిస్తున్న. గని పెండ్లి దావత్‌కు గివే సీసలు గావాలె. ఒక మున్నూరు."

"గివి అయిదేండ్లు ఆగితెనే గిట్లయితయి బావా."

గంగయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "అయితే పెండ్లి అప్పుడే పెట్టుకుందమా?" అన్నాడు. లోపలి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి వద్దని అరిచారు. గంగయ్య భార్యా, చంద్రవ్వా ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అదే. పోతూ పోతూ గంగయ్య ఇంకో మాట అన్నాడు. ఊళ్ళో మాత్రం కెమికల్ కంపెనీ అనే చెబుతారట.

వాళ్ళు పోయాక మొండయ్య సీసాను వెలుగుకు ఎత్తి చూశాడు. అడుగున తెల్లటి మంచు కొద్దిగా మిగిలింది. దాన్ని తన గ్లాసులోకి దులుపుకుని, ముందు రంగు చూశాడు. రంగు లేదు. వాసన చూశాడు. ఫ్రిజ్‌లోని చేపలే. నాలుక మీద పెట్టుకుని నిలిపాడు. బార్లీ కడిగిన నీళ్ళు. చంద్రవ్వ గడపలో నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆయనకు చుక్క కూడా దక్కలేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. "ఇంకింత కూర ఏసుకుంటవా?" అంది.

ఫోన్ మోగింది. రాకేశ్.

"బాపూ, ఖాయమైందట గదా! సీస ఇప్పిండ్రట?"

"ఇప్పినంరా."

"ఎట్లుంది?"

ఖర్జూరపండు, కొత్తబెల్లం, అటిక మీది కుండ. మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. ఇన్నాళ్ళూ చారు మీద, చాయ మీద నేర్చుకున్నవి కూడా సిద్ధంగా ఉన్నాయి. మొండయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాకు అందలేరా. మీ మామ ఒక్క చుక్క ఇడిసిపెట్టలే. పక్కోనికి సుత పొయ్యనియ్యలే."

అవతల రాకేశ్ నవ్వాడు. అట్లా నవ్వి చాలా ఏళ్ళయింది.

"పోనియ్ బాపూ. ఇంకో నాలుగు పంపుత."

"వద్దుర బిడ్డా!" మొండయ్య గాభరాగా అరిచాడు. "ఇప్పుడు మనకు చుట్టాలు డబుల్ అయిండ్రు. నీ దగ్గర్నే ఉంచు. అయిదేండ్లు నిండినంక నేనే రైలెక్కి వస్త." చంద్రవ్వ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఒక్కన్నే వస్త. ఎవ్వలకు చెప్పకు."