నొప్పి పదికి రెండు, నెత్తికి గుండు

ఆరేళ్ళ కింద నా నెత్తి మీద జరిగిన ఘోరం చెప్తాను, గుండె దిటవు చేసుకోండి. నాచారంలో మా గల్లీ మొత్తానికి, నలభై దాటినా జేబులో దువ్వెన పెట్టుకు తిరిగే హక్కున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ హక్కును నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

కడుపులో రాళ్ళున్నాయని ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఆపరేషన్ చేశారు. తీసినవి నాలుగు శనగగింజలు. నేను చెప్పేటప్పుడు మాత్రం వాటితో ప్రహరీ గోడ కట్టొచ్చు. మత్తు దిగగానే నర్సమ్మ వచ్చింది.

"అంకుల్, నొప్పి పదికి ఎంతుంది?"

లోపల పద్నాలుగుంది. కానీ ఎదురుగా స్టూలు మీద మా బావ మల్లేశం, అంటే పక్క గల్లీలో ఉండే నా భార్య అన్న, నాకని తెచ్చిన బత్తాయిలు తనే తింటూ కూర్చున్నాడు. బావ ముందు మూలుగుతామా?

"రెండు," అన్నాను మీసం మెలేసి.

ఆమె రెండుకు తగ్గ మందే ఇచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు పళ్ళు బిగించి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి, కానీ ప్రతిసారీ కొత్తగానే లెక్కపెట్టాను. ఎవరొచ్చారో, ఏం మాట్లాడారో, ఒక్క ముక్క బుర్రలో మిగల్లేదు.

మూడో రోజు డాక్టరు దులిపేశాడు. "నొప్పి దాచుకుంటే పతకమిస్తారా? మెదడు నొప్పిని మోయడానికే సరిపోతే, కొత్త సంగతులు దాచుకునే తీరిక దానికెక్కడిది? పైగా మత్తు, నిద్ర లేకపోవడం!"

ఇది విని ఊరుకుంటే నేనెందుకవుతాను? వారం తిరిగేసరికి చాయ్ హోటల్లో ఉపన్యాసం మొదలుపెట్టాను.

"రెండు దినాలు నా బుర్రల ఏం రికార్డు కాలే అన్నా! ఎవలేం జెప్పినా, నేనేం జెప్పినా, అంత సాఫ్! సైన్సు!"

వెనక బల్ల దగ్గర మల్లేశం బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి అలాగే ఆగిపోయాడు. ఆ బిస్కెట్ విరిగి మునిగినప్పుడే నాకర్థం కావాల్సింది.

మర్నాడు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"బావా, మొక్కు యాదికున్నదా?"

"ఏం మొక్కు?"

"గుట్ట మీది దేవునికి గుండిస్త, మీసం గూడ ఇస్త అంటివి గద దవాఖానాల, నా చెయ్యి వట్టుకొని!"

"నేనా? నాకేం యాదికి లేదు!"

"యాదికెట్లుంటది? నిన్న హోటల్ల నువ్వే జెప్తివి గద, సైన్సని!"

దిక్కుతోచక నా భార్య వైపు చూశాను.

"నేనప్పుడు మందులకు వోయిన," అంది. "అయినా దేవుని ముచ్చట్ల మా అన్న అబద్ధమాడ్తడా ఏందయ్యా? రేపు కుట్లు మానకపోతే ఎవల్ని అడగాలె?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు పెద్దదైతే నెత్తి నున్నన. ఉప్పల్ రింగురోడ్డులో దువ్వెనతో గుట్ట బస్సెక్కాను, దానితో పనిలేకుండా దిగొచ్చాను.

తిరుగు బస్సులో నా నెత్తి మీద ఎండ పడి, పక్క సీటువాళ్ళు కళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు. మల్లేశం మాత్రం నా దువ్వెనతోనే తన క్రాపు దువ్వుకుంటూ కిసుక్కుమన్నాడు.

"గుస్స గాకు బావా. నువ్వు గట్ల పటపట పండ్లు కొరుక్కుంట పండుకుంటె నాకు మస్తు భయమైంది. నువ్వు మంచిగైతె గుండిస్తనని మొక్కింది నేనే. కానీ మొన్ననే రంగేయించిన, మనసొప్పలే. రోగం నీది, జుట్టు గూడ నీదైతె దేవుడేమంటడు?"

ఘట్‌కేసర్ దాటాక నా దువ్వెన లాక్కుని అడిగాను.

"మరి ఆ రెండు దినాలు నేనసలు ఏమన్లేదా?"

"ఎందుకనలే? నర్సమ్మ అటు వోంగనే ఫ్యానుకు దండం వెట్టి 'పద్నాలుగు తల్లీ, పద్నాలుగు' అని ఒకటే ఏడుపు. ఆమెకు జెప్దామనుకున్న. మీసం మెలేస్తివి గద, నీ ఇజ్జత్ వోతదని ఊకున్న."

కనుక పాఠక మహాశయులారా, తిరిగి మొలిచిన నా జుట్టు మీద ఒట్టేసి చెప్తున్నాను. ఇకమీదట సూది గుచ్చకముందే నొప్పి పదికి పదిహేనంటాను. మత్తులో ఏం వాగానో తెలుసుకోవాల్సి వస్తే ఫ్యాన్‌నే అడుగుతాను, మల్లేశాన్ని మాత్రం అడగను.